వాటా నీది, తాళంచెవి వాళ్ళది

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం మొన్న అందింది. వంద షేర్లు కొని "ఇక నేనూ ఓనర్నే" అని రాశావు చూడు, అది చదివి మా ఆవిడ కూడా నవ్వింది. ఓనరువే, కాదనను. తాళంచెవి మాత్రం నీ దగ్గర లేదురా.

ఆదివారం కరెంటు పోతే కూర్చుని పెళ్ళి శుభలేఖ కవరు వెనకాల ఒక లెక్క వేశాను. ఒక కుటుంబానికి పై కంపెనీలో 51 శాతం ఉందనుకో. దానికి కింది కంపెనీలో 51. ఆ కంపెనీకి ఇంకోదాంట్లో 51. గుణిస్తే అట్టడుగున కుటుంబం సొంత వాటా 13 శాతం పైచిలుకు, అంతే! కానీ అక్కడా చెల్లేది వాళ్ళ మాటే. ఇప్పుడు ఆ అడుగు కంపెనీలోంచి ఒక రూపాయి తీసి, పూర్తిగా తమదైన కంపెనీలో వేసుకున్నారనుకో. వాళ్ళకు పోయేది 13 పైసలు, వచ్చేది రూపాయి. మిగతా 87 పైసలు ఎవరివంటావ్? పై కంపెనీల్లో, కింది కంపెనీల్లో ఉన్న నీలాంటి ఓనర్లవి.

మన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం గుర్తుందిగా? 2008 డిసెంబరు 16న సుమారు 160 కోట్ల డాలర్లు పెట్టి మేటాస్ కంపెనీలు రెంటిని చేతిలోకి తీసుకుంటామన్నారు. సత్యం ఇంగ్లీషు స్పెల్లింగు తిరగేస్తే మేటాస్, దాచుకోవాలని కూడా అనుకోలేదు! అవి సత్యం ఛైర్మన్ రామలింగరాజు కుటుంబం పెట్టినవే. సత్యంలో వాళ్ళకు మిగిలింది పది శాతం లోపు, అదీ తాకట్టులో. అయినా బోర్డు సరేనంది. ఇన్వెస్టర్లు గగ్గోలు పెడితే గంటల్లో వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న రాజుగారి ఉత్తరం బయటికొచ్చింది: లెక్కల్లో చూపిన డబ్బులో చాలా భాగం అసలు లేనే లేదని. ఆ తర్వాతే ప్రమోటర్లు, అంటే కంపెనీని చేతిలో పెట్టుకున్నవాళ్ళు, తాకట్టు షేర్ల సంగతి చెప్పి తీరాలని షేర్ మార్కెట్‌ను అదుపు చేసే సెబీ పట్టుబట్టింది.

ఎక్కువ వాటా ఉన్నా ఒక్కోసారి అంతే. టాటా కంపెనీలకు పై కంపెనీ అయిన టాటా సన్స్‌లో టాటాల దాతృత్వ ట్రస్టులకు 66 శాతం దాకా ఉంది, మిస్త్రీ కుటుంబానికి 18 పైన. అయినా 2016 అక్టోబరులో సైరస్ మిస్త్రీని ఛైర్మన్ కుర్చీలోంచి దించేశారు. 2021లో సుప్రీంకోర్టు కూడా అది తప్పు కాదంది. ఇక నీ వంద షేర్ల సంగతి నేను చెప్పాలా?

అయితే ఒక్క చోట నీ మాటకూ విలువుంది. కుటుంబం కంపెనీతో పెద్ద లావాదేవీ పెట్టుకుంటే, దానికి సరేనని వాళ్ళు ఓటేయడానికి వీల్లేదు, మిగతావాళ్ళే తేల్చాలి. ఆన్‌లైన్లో ఓటేయమంటూ కంపెనీ నుంచి ఈ-ఓటింగ్ మెయిల్ వస్తే చెత్తబుట్టలో వేయకు. నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం. అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

నీ
రవి