నింపిన రిజిస్ట్రీ క్లినిక్‌కు తిరిగి రావాలి

సంపాదకులకు,

దీర్ఘకాలిక జన్యువ్యాధులకు రిజిస్ట్రీ (క్లినిక్‌లన్నిటి నుంచి రోగుల వివరాలు ఒకచోట రాసిపెట్టే పట్టిక) అనగానే చర్చంతా ‘రోగులు ఎంతమంది?’ అన్న దగ్గరే ఆగిపోతోంది. తలలు లెక్కపెట్టడం అందులో చిన్న పని. ఏ క్లినిక్‌లో రోగులు మెరుగ్గా ఉన్నారో, అక్కడ ఏం చేస్తున్నారో పట్టుకోవడం అసలు పని.

ఊపిరితిత్తులనూ అరుగుదలనూ దెబ్బతీసే జన్యువ్యాధి సిస్టిక్ ఫైబ్రోసిస్‌నే తీసుకోండి. బోస్టన్, టొరంటో క్లినిక్‌ల రికార్డులను పోల్చిన అధ్యయనం 1988లో వచ్చింది. ఊపిరితిత్తుల పనితీరు రెండుచోట్లా దాదాపు ఒకటే. మధ్యస్థ ఆయుర్దాయం మాత్రం బోస్టన్‌లో 21 ఏళ్లు, టొరంటోలో 30. ఈ జబ్బులో క్లోమరసం పేగుల్లోకి సరిగా చేరదు, కొవ్వు అరగదు. అందుకని కొవ్వు తగ్గించమనడం అప్పటి ఆనవాయితీ. టొరంటో డాక్టర్లు కొవ్వు మాన్పించలేదు, దాన్ని అరిగించే ఎంజైము మాత్రలు పెంచారు. అక్కడి రోగులు ఎత్తుగా ఎదిగారు. ఎత్తూ బరువూ ఏళ్ల తరబడి రాసిపెట్టి ఉండబట్టే ఆ తేడా బయటపడింది.

కాబట్టి రాసేవి కొద్దిగా ఉండాలి, మానకుండా రాయాలి. జన్యుమార్పు ఏమిటన్నది ఒక్కసారి. ఎత్తు, బరువు వచ్చిన ప్రతిసారీ. కఫం కల్చర్, అంటే కఫంలో ఏ క్రిములున్నాయో చూసే పరీక్ష, మూడు నెలలకోసారి. ఆరేళ్లు దాటాక స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష. పదేళ్ల నుంచి ఏటా గ్లూకోజ్ తాగించి చేసే షుగర్ పరీక్ష. రెండు వందల గడుల ఫారం ఇస్తే సగం ఖాళీగానే తిరిగొస్తుంది. స్పైరోమెట్రీలో, ఆ వయసు, ఎత్తు ఉన్నవాళ్లు ఊదాల్సినదాంట్లో ఎంత శాతం ఊదారన్నది ఒక్కటే రాసి ఊరుకోవడం పెద్ద పొరపాటు. ఆ శాతం కట్టే సూత్రం మారితే అదే ఊదుడుకు వేరే శాతం వస్తుంది. ఊదిన గాలి ఎన్ని లీటర్లో రాసి ఉంటే ఎప్పుడైనా మళ్లీ లెక్కకట్టుకోవచ్చు.

లెక్కలు మోసం చేసే చోట్లు వేరే ఉన్నాయి. ఏడాదిగా రాని రోగి బాగుండి రాలేదా, క్లినిక్ మారాడా, చనిపోయాడా? ఫోన్ చేసి కనుక్కోకపోతే మరణాలు తగ్గినట్టు కనిపిస్తాయి. శాశ్వత నంబరు లేకపోతే క్లినిక్ మారిన మనిషి ఇద్దరవుతాడు. నవజాత శిశువులకు పరీక్షలు మొదలైతే తేలికపాటి కేసులూ జాబితాలో చేరి, వైద్యం మారకుండానే సగటు ఫలితం మెరుగైనట్టు కనిపిస్తుంది. ముప్పైమంది రోగులున్న క్లినిక్‌లో ఒక్క మరణం ఆ ఏటి మరణాల శాతాన్ని తలకిందులు చేస్తుంది. అలాంటిచోట మూడేళ్లవి కలిపి చూడాలి.

ఆ అంకెలు రాసినవాళ్ల చేతికే తిరిగి అందాలి. అమెరికా సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ 1960ల నుంచి వివరాలు సేకరిస్తున్నా, క్లినిక్‌లవారీ ఫలితాలను జనం ముందు పెట్టింది 2006లోనే. వెనకబడ్డ క్లినిక్ అంతకాలం తన సంగతి రోగులకు తెలియకుండానే నెట్టుకొచ్చింది. ర్యాంకు ఇచ్చి వదిలేసినా లాభం లేదు. బరువు తగ్గిన పిల్లల జాబితా మూడు నెలలకోసారి డాక్టరు బల్లమీదికి వస్తే, తర్వాతి విజిట్‌లోనే ఎంజైము మోతాదు, తిండి సరిచూడొచ్చు.

ఇక ఖర్చు. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు తేలిగ్గానే దొరుకుతుంది. రికార్డు తిరగేసి ఎంట్రీ చేసే మనిషి జీతం మాత్రం ఎవరి పద్దులోనూ ఉండదు. ఆ పని నర్సు మీద పడేస్తే నెలాఖరున గుర్తున్నవి నింపుతారు. ప్రతిపాదన ఏదొచ్చినా ముందు ఆ పద్దు ఉందేమో చూడండి.

ఇట్లు,
రిజిస్ట్రీల నిర్వహణ తెలిసిన కొందరు పాఠకులు