ఈ వానాకాలం ఆర్కిడ్ పిలకలు: ఏవి ఇస్తున్నాం, ఏవి ఆపేశాం

మా నర్సరీ కస్టమర్లకు నమస్కారం. మృగశిర కార్తె నుంచి ఇచ్చే ఆర్కిడ్ పిలకలకు బుకింగ్ తెరిచాం. పోయినేడుతో పోలిస్తే జాబితా కుదించాం, ధర కాస్త పెంచాం. రెండింటికీ కారణం ఒక్కటే: ఇకపై మూడు గడలకు (ఆర్కిడ్ బలం దాచుకునే లావుపాటి కాడలకు) తక్కువున్న ముక్క అమ్మం. ఒంటి గడ ముక్క చవగ్గానే వస్తుంది. కానీ దాన్లో దాచుకున్న బలమంతా మొదటి మొలక్కే అయిపోతుంది, పువ్వు చూడాలంటే రెండేళ్లు ఆగాల్సిరావచ్చు. ఈలోగా ఒక్క రోహిణి కార్తె చాలు దాని పని ముగించడానికి.

మొక్కకు మూడు గడలివ్వాలంటే తల్లికి కనీసం ఆరేడు ఉండాలి. ఏడాదికి ఒకే మొలక వేసే రకంతో ఆ లెక్క ఎప్పటికీ తేలదు. అందుకే త్వరగా పెరిగేవే ఉంచాం.

కొత్తగా మొదలుపెట్టేవారికి మా సలహా స్పాథోగ్లాటిస్. ఇది నేల ఆర్కిడ్. దుంపలు చామదుంపల్లా ఒకదాని పక్కన ఒకటి పుట్టుకొస్తాయి, రెండు మూడు కలిపి విడదీస్తే చాలు (గడల నిబంధన దీనికి వర్తించదు). ఎర్రమట్టి, కోకోపీట్, దొడ్డు ఇసుక సమానంగా కలిపి గుప్పెడు వర్మీకంపోస్ట్ వేయండి. దుంప పైసగం మట్టి బయటే ఉండాలి, పూర్తిగా పూడిస్తే వానలకు కుళ్లుతుంది. ఎండాకాలం ఆకు అడుగున ఎర్రనల్లి పడుతుంది, నీళ్లు గట్టిగా చిమ్మి కడగాలి.

ఎపిడెండ్రమ్ ఇంకా సులువు. కాడ కణుపుల దగ్గర పిలక వేసి, గాల్లోనే వేళ్లు దించుతుంది. వేళ్లు రెండంగుళాలయ్యాక కింద కణుపు దగ్గర కోసి నాటడమే. పొద్దుటి ఎండ నాలుగు గంటలు తగలని బాల్కనీలో మాత్రం పూయదు. అలాంటి ఇంటికి అడిగితే మేమే వద్దంటాం.

ఎక్కువమంది అడిగేది డెండ్రోబియం. దీని దగ్గర కొంచెం ఆగాలి. ఆకులు రాలిన పాత గడలు ఎండిపోయాయనుకుని కోసేస్తుంటారు. నొక్కి చూడండి, గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే, కొత్త మొలకను పోషించేది అదే. విడదీసే సమయం క్యాలెండర్ కాదు, మొక్కే చెబుతుంది. కొత్త మొలక అడుగున ఆకుపచ్చ కొసలతో వేళ్లు పొడుచుకొస్తున్నప్పుడు, అవి సెంటీమీటరు దాటకముందే కోయాలి. అప్పుడు ఆ వేళ్లు కొత్త కుండీలోనే పెరుగుతాయి. పొడవయ్యాక కదిపితే కొసలు విరుగుతాయి, ఆ సీజన్ పోయినట్టే. ప్రతి ముక్కకూ మూడు నాలుగు గడలు, అడుగున కనీసం ఒక ఉబ్బిన కన్ను (కొత్త మొలక పుట్టే చోటు) ఉండాలి. మెత్తబడి గోధుమరంగుకు తిరిగిన కన్ను లెక్కలోకి రాదు.

కోసే బ్లేడును మొక్క మొక్కకీ మంట మీద కాల్చాలి. ఆర్కిడ్లకు సోకే సింబిడియం మొజాయిక్ వైరస్ కోసే పనిముట్ల మీదుగా పాకుతుంది, దానికి మందు లేదు. కోతకు దాల్చినచెక్క పొడి అద్దండి, మొక్క వేళ్లకు తగలనివ్వొద్దు, ఎండగొడుతుంది. నాలుగంగుళాల కుండీలో బొగ్గు, ఇటుక ముక్కలు వేసి, మొక్కను వెదురుపుల్లకు బిగించి కట్టాలి. మొక్క ఊగుతుంటే వేరు పట్టదు, మా దగ్గరకు తిరిగొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇవే. తర్వాతి తప్పు పెద్ద కుండీ. అది లోపల ఆరదు, వేరు కుళ్లుతుంది. మొదటి వారం తుంపర్లు చాలు. కొత్త వేరు కనిపించాకే 19:19:19 ఎరువు, లీటరుకు ఒక గ్రాము, వారానికోసారి.

ఆన్సిడియం కొన్నే ఉన్నాయి. త్వరగానే గుంపు కడుతుంది, కానీ బోరునీళ్ల ఉప్పుకు ఆకు కొసలు నల్లబడతాయి. వాననీళ్లో, ఆర్ఓ మంచినీళ్లో పోయగలిగితేనే తీసుకోండి. ఆర్ఓ యంత్రం బయటికి వదిలే నీళ్లు కాదు, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ.

కాట్లెయా ఆర్డరు మీదే. కుండీలోంచి తీయకుండానే గడల మధ్య కాండం కోసి, వెనక ముక్కలో కన్ను లేచేదాకా నెలల తరబడి అలాగే ఉంచి అప్పుడు విడదీస్తాం. తొందర ఉన్నవారికి కుదరదు.

సింబిడియం ఆపేశాం. మొగ్గ వేయడానికి దానికి వారాల తరబడి రాత్రి చలి 10–15 డిగ్రీల దాకా కావాలి, మన నగరంలో ఆకులే మిగులుతాయి. ఫలెనాప్సిస్, వాండా పిలకలు అడిగేవారికి ఒక మాట: ఇవి ఒకే కాండంతో పైకి పెరుగుతాయి, ఇలా గడలుగా విడదీయడం కుదరదు. ఫలెనాప్సిస్ అప్పుడప్పుడు పూకాడ మీద పిల్ల వేస్తుంది, కానీ దాని మీద ఆధారపడి బుకింగ్ తీసుకోలేం.

పూలకు గ్యారంటీ ఇవ్వం, బతికున్న కన్నుకు ఇస్తాం. మొక్క తీసుకునేటప్పుడే కన్ను చూపించమని అడగండి. ఏప్రిల్, మే నెలల్లో కొరియర్ ఉండదు. బుక్ చేసినవారు బొగ్గు, ఇటుక ముక్కలు ముందురోజు రాత్రే నానబెట్టి ఉంచుకోండి.