చదరంగం ఆడే మెదడు: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయుల లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

కాలపట్టికలో చదరంగానికి ఒక పీరియడ్ కేటాయించినప్పటి నుంచి, చెస్ ఆడితే పిల్లల మెదడు చురుకవుతుందని స్కానింగులో తేలిందట, నిజమేనా అని మీలో పలువురు అడుగుతున్నారు. ఆ పరిశోధనల్లో ఏముందో మీకు వివరించడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

ఈ ప్రశ్న స్కానర్ల కంటే పాతది. డచ్ మనస్తత్వ శాస్త్రవేత్త ఆద్రియాన్ డి గ్రోట్ 1940లలో, ఆట మధ్యలో ఉన్న బల్లను కొద్ది సెకన్లు మాత్రమే చూపించి తీసేసినా, మేటి ఆటగాళ్లు పావుల స్థానాలను దాదాపు పొరపాటు లేకుండా చెప్పగలగడం గమనించారు. అయితే 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అవే పావులను ఏ పొంతనా లేకుండా గడుల్లో పెట్టి చూపించగా, ఆ ఆధిక్యం దాదాపు కనిపించకుండా పోయింది. అంటే వారిది అన్నింటికీ పనికొచ్చే అసాధారణ జ్ఞాపకశక్తి కాదు. మూలకు చేరిన రాజు, పక్కన ఏనుగు, ముందు మూడు బంట్లు కొత్తవారికి ఐదు పావులుగా కనిపిస్తే, ఆరితేరినవారికి ఒకే అమరికగా కనిపిస్తాయి.

మీరు విన్న స్కానింగుకు వాడే ఎఫ్‌ఎంఆర్‌ఐ యంత్రం ఆలోచనను ఫొటో తీయదు. మెదడులో ఏ భాగం పనిచేస్తే అక్కడికి రక్తప్రసరణ పెరుగుతుంది కనుక, రక్తంలోని ఆక్సిజన్ మార్పును బట్టి, అదీ కొన్ని సెకన్ల ఆలస్యంతో, ఆ చురుకుదనాన్ని అంచనా వేస్తుంది. ఈ పద్ధతితో మెరిమ్ బిలాలిచ్ అనే పరిశోధకుడి బృందం 2011లో ప్రచురించిన ఫలితం నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. ముఖాలను గుర్తించడంలో ముఖ్యపాత్ర వహించే మెదడు భాగం, చదరంగపు బల్లను చూసినప్పుడు కొత్తవారిలో కంటే నిపుణులలో ఎక్కువగా స్పందించింది. విడి పావులను చూపినప్పుడు మాత్రం అలాంటి తేడా లేదు. తెలిసినవారి ముఖాన్ని మనం కళ్లు, ముక్కు విడివిడిగా లెక్కించకుండానే పోల్చుకున్నట్టు, వారు బల్లనంతా ఒక్కసారిగా పోల్చుకుంటున్నారన్నమాట.

జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు, చదరంగానికి దగ్గరి బంధువైన షోగి ఆటగాళ్లను పరీక్షించి, వృత్తి ఆటగాళ్లు తక్షణమే సరైన ఎత్తును ఎంచుకునేటప్పుడు కాడేట్ కేంద్రకం అనే లోపలి భాగం చురుకుగా ఉంటుందని 2011లో ప్రకటించారు. ఆట తెలియనివారికి 15 వారాలు శిక్షణ ఇచ్చాక వారిలోనూ ఆ చురుకుదనం కనిపించడం మొదలైంది. పుట్టుకతో వచ్చిన వరమని మనం అనుకునే సహజస్ఫూర్తిలో కొంతైనా సాధనతో తయారవుతుందనడానికి ఇది మంచి ఆధారం.

ఇక్కడ ఒక హద్దు గుర్తించాలి. నిపుణుడి మెదడు వేరుగా స్పందించిందంటే, ఆ నైపుణ్యం లెక్కల్లోకీ సైన్సులోకీ ప్రవహిస్తుందని అర్థం కాదు. ఇంగ్లండ్‌లో 100 ప్రాథమిక పాఠశాలలలో జరిపి 2016లో ఫలితాలు వెల్లడించిన ఒక పెద్ద అధ్యయనంలో, చెస్ నేర్చుకున్న పిల్లలకు ఏడాది తరువాత గణితంలో అదనపు ప్రయోజనం కనిపించలేదు. కాబట్టి మార్కులు పెరుగుతాయని మేము హామీ ఇవ్వడం లేదు; మెదడు చిత్రాలు చూపించి ఖరీదైన కోర్సులు అమ్మేవారి మాటలు నమ్మవద్దని కూడా కోరుతున్నాను. గెలుపోటముల బాధ్యత తనదేనని ఒప్పుకుంటూ, ఎదుటివారి ఉద్దేశాన్ని ఊహిస్తూ కదలకుండా కూర్చుని ఆలోచించే ఆ కాసేపు, పిల్లలకు దానికదే అవసరమని నా నమ్మకం.

తరగతిలో పిల్లలు తమ ఎత్తులను నోటు పుస్తకంలో రాసుకుని, ఆట ముగిశాక ఇద్దరూ కలిసి మళ్లీ మొదటి నుంచి నడిపి చూస్తున్నారు. అమరికలు కంటికి అలవాటయ్యేది ఎక్కువగా ఈ పునఃపరిశీలనలోనే. ఆ పుస్తకాలను ఈ వారాంతం ఇంటికి పంపుతున్నాము. ఎవరు గెలిచారని కాకుండా, ఏ ఎత్తు దగ్గర ఎక్కువసేపు ఆగావు, ఎందుకు ఆగావు అని అడిగి, ఒక ఆటను మీ ఎదుట నడిపించమనండి. మీకు ఆట రాకపోతే మరీ మంచిది, పిల్లలే మీకు నేర్పుతారు.

భవదీయ,
ప్రధానోపాధ్యాయురాలు