నర్సుల నడుము నొప్పి ఎవరి లెక్కలోనూ లేదు

రోగులను ఎత్తి, తిప్పి, స్ట్రెచర్‌కు మార్చే పనితో ఆసుపత్రి నర్సుల నడుములు, భుజాలు దెబ్బతింటున్నా, దాన్ని పని తెచ్చిన జబ్బుగా ఎవరూ చూడటం లేదు. తుంటి ఎముక విరిగిన మా అత్తగారికి తోడుగా ఈమధ్య ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఆర్థో వార్డులో ఉన్నాను. పుండ్లు పడకుండా అలాంటి రోగులను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. రాత్రి షిఫ్టులో వార్డు మొత్తానికి ఇద్దరే సిస్టర్లు. వార్డుబాయ్ ఎప్పుడూ ఎక్స్‌రే దగ్గరే ఉంటాడు! ఎత్తు మార్చుకునే మంచం ఒక్కటీ లేదు, తలవైపు లేపే హ్యాండిళ్లు చాలావాటికి విరిగిపోయాయి. నడుముకు బెల్టు కట్టుకుని తిరుగుతున్న సిస్టర్‌ను అడిగితే, "సెలవు పెడితే ఈ బరువు పక్కావిడ మీద పడుతుందమ్మా" అంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూత్రం ప్రకారం రోగిని చేతులతో కదిలించేటప్పుడు ఒక్కరి మీద సుమారు 16 కిలోలకు మించి బరువు పడకూడదు. 60 కిలోల మనిషిని ఇద్దరు ఎత్తితే తలా 30 పడుతుంది. సరిగ్గా వంగడం నేర్పే శిక్షణ తరగతులతో ఇది తీరదు, ముందు బరువు తగ్గించాలి. ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధులతో ప్రతి వార్డుకూ రోగిని ఎత్తకుండా జరపడానికి కింద వేసే జారుడు షీట్లు, స్ట్రెచర్‌కు మార్చే బోర్డులు కొనాలి, మంచాలు బాగుచేయించాలి. ఆర్థో, ఐసీయూ, న్యూరో వార్డులకు రాత్రిపూట రోగులను కదిలించడానికే విడిగా ఇద్దరు సహాయకులను వేయాలి. నడుము నొప్పితో సెలవు పెట్టిన నర్సుల వివరాలను ప్రతి ఆసుపత్రి ఒక రిజిస్టర్‌లో రాసి, ఏటా వైద్యారోగ్య శాఖకు పంపాలి.

— ఒక రోగి బంధువు, వరంగల్