కొనేవాళ్లంతా ఒక్కటి, అమ్మేవాళ్లం తలోదారి

సంపాదకుడు గారికి,

బత్తాయికి ధర రావడం లేదని సీజన్ వచ్చినప్పుడల్లా పేపర్లో రాస్తారు. ఉత్తరాదిలో గిరాకీ లేదనో, లారీలు దొరకలేదనో, కాయ నాణ్యంగా లేదనో కారణాలు చెప్తారు. అవి నిజమే కావచ్చు. నాకు నాలుగెకరాల తోట ఉంది, పదిహేనేళ్లుగా కాయ అమ్ముతున్నా, నేను చూసింది మాత్రం వేరే.

ఈసారి తోటకు మొదట వచ్చిన వ్యాపారి టన్నుకు 18 వేలన్నాడు. చూద్దాంలే అన్నాను. మర్నాడు ఇంకొకాయన వచ్చాడు, అదే 18 వేలు. మూడో ఆయనైతే తోటలో అడుగు కూడా పెట్టకుండా గేటు దగ్గరే నిలబడి "మంగు ఉందటగా, 17 ఇస్తా" అన్నాడు. కాయ చూడనివాడికి తొక్క మీది మంగు మచ్చల సంగతి ఎట్లా తెలిసింది? ఫోన్లున్నాయి కదా! చివరికి మొదటాయనకే ఇచ్చాను, 17కే, పైగా టన్నుకు క్వింటా తరుగు, కాటా కూడా వాళ్లు చెప్పిన చోటే.

వ్యాపారులను తిట్టి ఊరుకోవచ్చు. కానీ మేమేం చేస్తున్నాం? పక్క తోటాయనను ఎంతకిచ్చావని అడిగితే 20 అన్నాడు. తర్వాత తెలిసింది, 16న్నరకే ఇచ్చాడట. పరువు కోసం చెప్పిన ఆ అబద్ధం నమ్మి నేను ఇంకో నాలుగు రోజులు ఆగాను, ఆ నాలుగు రోజుల్లో రాలిన కాయ లెక్క ఎవరికి చెప్పుకోవాలి? మాలో మాకు పోటీ, వాళ్లలో వాళ్లకు పొత్తు. ఉండాల్సింది తిరగేసి ఉంది.

కొనేవాళ్లు కూడబలుక్కుని ధర కట్టడం 2002 నాటి పోటీ చట్టం ప్రకారం తప్పే. ఫిర్యాదు వినడానికి ఢిల్లీలో కమిషన్ కూడా ఉంది. కానీ ఫోన్లో అనుకున్న మాటకు సాక్ష్యం తెచ్చేదెవరు, విచారణ తేలేదాకా కాయ చెట్టు మీద ఆగుతుందా?

పాల సంగతి చూడండి. మా ఊళ్లో ఒక్కడే పాలు పోయించుకునే రోజుల్లో ఆయన చెప్పిందే రేటు. సహకార సంఘం సెంటర్ పెట్టాక వెన్న శాతం చూసి డబ్బులివ్వడం మొదలైంది, ఆ తర్వాత వచ్చిన ప్రైవేటు వాళ్లూ అంతకు తగ్గకుండా ఇవ్వాల్సి వచ్చింది. సంఘంలో చేరనివాడికి కూడా లాభమే. అంటే మనం కలిస్తేనే వాళ్లలో పోటీ పుట్టింది. పాలే కాదు, రైతులకు అప్పులిచ్చి పంట కొనే ముల్కనూరు సహకార సంఘం (హనుమకొండ జిల్లా) 1956 నుంచి నడుస్తోంది, అక్కడివాళ్లూ మనలాంటి రైతులే.

మేమూ ప్రయత్నించకపోలేదు. రెండేళ్ల కింద పన్నెండు మందిమి కూర్చుని ఫలానా ధరకు తగ్గి ఇవ్వొద్దని మాట అనుకున్నాం. మూడో రోజుకే ఒకతను ఇచ్చేశాడు. ఆయన్ని అనడానికి నాకు నోరు రాదు, తోటకు కొట్టే మందులకు బయానా ఇచ్చింది కాయ కొన్న ఆ వ్యాపారే, కూతురు ఫీజు కట్టాల్సిన గడువు కూడా అదే వారం. మాట ఒక్కటే సరిపోదు, అవసరానికి అప్పిచ్చే చేయి కూడా సంఘానిదే కావాలి. మా ఇంటావిడ వాళ్ల పొదుపు సంఘంలో ఒకామె కిస్తీ ఆగితే మిగతావాళ్లు సర్దుతారు. మగవాళ్లం పన్నెండు మందిమి మూడు రోజులు నిలబడలేకపోయామని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది, నా దగ్గర జవాబు లేదు.

ఒక్కడినే హైదరాబాద్ దగ్గరి బాటసింగారం పండ్ల మార్కెట్‌కు తోలదామంటే రెండు టన్నుల కాయకు లారీ కిరాయి, హమాలీ, కమీషన్ పోను ఏం మిగలదు. నలుగురం కలిస్తే లారీ నిండుతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు (ఎఫ్‌పీఓలకు) 2020 నుంచి కేంద్రం పథకం ఉంది, ఉద్యాన శాఖ వాళ్లు ఊళ్లకు వచ్చి బత్తాయి రైతులతో అవి పెట్టించాలి. నల్లగొండ దగ్గర బత్తాయికని కట్టిన మార్కెట్లో సీజన్ పొడుగునా బహిరంగ వేలం జరగాలి, బయటి రాష్ట్రాల వ్యాపారులను పిలవాలి, తరుగు ఎంతో బోర్డు మీద రాయాలి.

సీజన్ తర్వాత వచ్చే కత్తెర కాపు కోతకు రాకముందే ఈ పని మొదలైతే బాగుంటుంది. మా పన్నెండు మందిమి మళ్లీ కూర్చుంటున్నాం, ఈసారి ముందు తలా కొంత వేసుకుని అత్యవసరాలకు పక్కన పెడదామని అనుకున్నాం.

- ఒక బత్తాయి రైతు, గుర్రంపోడు మండలం, నల్లగొండ జిల్లా