కిడ్స్ ప్లేట్ సంగతి, శనివారం రండి

అందరికీ నమస్తే 🙏
స్కూల్ దగ్గర రోడ్డు దాటడం గురించి మొన్న చాలా మాట్లాడుకున్నాం కదా. మన కాలిఫోర్నియాలో కారుకి "కిడ్స్ ప్లేట్" అనే ప్రత్యేక నంబర్ ప్లేట్ దొరుకుతుందని చాలామందికి తెలీదు. నాకూ నిన్నటిదాకా తెలీదు లెండి! నంబర్‌లో గుండె, చెయ్యి, నక్షత్రం, ప్లస్‌లలో ఒక గుర్తు పెట్టించుకోవచ్చు. దానికి కట్టే అదనపు ఫీజు పిల్లలకి ప్రమాదాలు, హింస జరగకుండా చూసే కార్యక్రమాలకి వెళ్తుంది. నేరుగా మన స్కూల్‌కి రాదు, ఆ ఆశ పెట్టుకోకండి.

ఈ శనివారం సాయంత్రం 5కి పార్క్‌లో కలుద్దాం.
వచ్చేవాళ్లు 👍 పెట్టండి.
ప్లేట్ కావాలంటే డీఎంవీ (వాహనాల రిజిస్ట్రేషన్ చూసే రాష్ట్ర శాఖ) సైట్‌లో ఫీజు చూసుకోండి. మొదట ఒకసారి కట్టి వదిలేసేది కాదు, ఏటా రిజిస్ట్రేషన్‌తో పాటు మళ్లీ కట్టాలి.
పిల్లల్ని స్కూల్‌కి గుంపుగా నడిపించుకెళ్లడానికి ఉదయం ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. పేర్లు శుక్రవారం రాత్రిలోపు ఇవ్వండి. పోయినసారిలా శనివారం పొద్దున ఫోన్లు చేయించొద్దు ప్లీజ్ 😄