శ్రీలంక యాత్రలో చెరువులకూ ఒక రోజు ఇవ్వాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. సెలవుల్లో వెళ్లదగిన దేశాల గురించి మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసంలో శ్రీలంకకు ఒక పుట కేటాయించారు. సంతోషించాను. అయితే చూడవలసిన చోట్లను ప్రకృతి అని కొన్ని, చరిత్ర అని కొన్ని విడదీసి, సిగిరియా బండ మీది కోటను ఒక వైపు, మిన్నేరియా చెరువు దగ్గరి ఏనుగులను మరో వైపు పెట్టడం సరిగా లేదనిపించింది. ఆ దేశపు ఉత్తర మధ్య ప్రాంతంలో ప్రకృతీ చరిత్రా ఒకే చెరువు కట్ట మీద కలుస్తాయి. నీటిపారుదల శాఖలో ముప్పయ్యేళ్లు పనిచేసి, ప్రస్తుతం చెన్నైలో మా అబ్బాయి దగ్గర ఉంటున్న నెల్లూరు వాణ్ణి కనుక చెరువుల మీద నాకు కొంత పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

మిన్నేరియా చెరువును కట్టించినవాడు సుమారు పదిహేడు వందల ఏళ్ల కిందటి మహాసేన మహారాజు. అక్కడివారు ఆయనను ఇప్పటికీ 'మిన్నేరి దెయ్యో' అని కొలుస్తారు. ఆ మాట విని మా మనవడు జడుసుకున్నాడు గానీ, దెయ్యో అంటే దేవుడే. మన దెయ్యం కూడా ఒకప్పుడు దైవమే కదా. మన చెన్నైని తడిపే ఈశాన్య రుతుపవనాలకే ఆ చెరువూ నిండుతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా నీరు వెనక్కి తీస్తున్నకొద్దీ, బయటపడిన తడి నేల మీద లేత పచ్చిక మొలుస్తుంది. ఎండలకు చుట్టుపక్కల అడవుల్లో మేతా నీరూ కరువైన ఏనుగులు పిల్లలతో సహా ఆ పచ్చిక కోసం దిగివస్తాయి. ఒకేచోట రెండు మూడు వందల దాకా చేరతాయి. అడవి ఏనుగులు ఇలా గుమిగూడే చోటు ఆసియాలోనే మరొకటి లేదంటారు. 1997లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన ఆ అడవికి నడిబొడ్డు ఒక రాజు రైతుల కోసం కట్టించిన చెరువు. దీనిని ప్రకృతి కింద రాయాలా, చరిత్ర కింద రాయాలా?

నా మొదటి ప్రయాణంలో ఇదేమీ చూడలేకపోయాను. చెన్నైలోని ఒక టూర్ల సంస్థ వారు 'నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు' అని డిసెంబరులో తీసుకువెళ్లారు. మిన్నేరియాలో నీరు అలుగు దాకా ఉంది, ఏనుగు ఒక్కటీ లేదు. పాత రాజధాని పొలొన్నరువకు నలభై నిమిషాలు ఇచ్చి, మాతలే దగ్గర సుగంధద్రవ్యాల తోట పేరుతో నడిపే దుకాణంలో గంటన్నర కూర్చోబెట్టారు. రెండోసారి ఆగస్టులో, సొంతంగా కారు మాట్లాడుకుని వెళ్లాం.

యాత్రల పుటలో ముందుగా అచ్చు వేయవలసినది ఈ రుతువుల సంగతే. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు కొలంబో, గాలె, పడమటి కొండలను తడిపివేస్తే, అదే నెలల్లో త్రిన్కోమలి వైపు తీరమూ, చెరువుల నాడూ పొడిగా ఉంటాయి. డిసెంబరులో ఇది తలకిందులవుతుంది. ఏ నెలలోనైనా ద్వీపంలో ఏదో ఒక దిక్కు బాగుంటుంది. దిక్కు తెలియకుండా వెళితే డబ్బు దండుగ.

సిగిరియా గురించి మీ వ్యాసంలో మెట్లు, కుడ్యచిత్రాలు, సింహపాదాలు అన్నీ ఉన్నాయి, చెరువు ఒక్కటే లేదు. 5వ శతాబ్దంలో ఆ బండ మీద కోట కట్టుకున్న కాశ్యప రాజు, కాలవెవ అనే పెద్ద చెరువును కట్టించిన ధాతుసేనుని కొడుకు. దాచిన ధనం చూపమని కొడుకు నిర్బంధిస్తే, ధాతుసేనుడు ఆ చెరువులోకి దిగి, దోసిట నీళ్లు పట్టి, 'నా సంపదంతా ఇదే' అన్నాడనీ, ఆ కోపంతో కొడుకు తండ్రిని చంపించాడనీ అక్కడి పాత వంశచరిత్ర చెబుతుంది. సింహళంలో చెరువును 'వెవ' అంటారు. అదీ మన బావీ సంస్కృతంలోని వాపి నుంచి వచ్చినవే. కాలవెవ నుంచి అనూరాధపురంలోని తిస్సవెవకు నీరు తీసుకుపోయే జయగంగ కాలువ సుమారు 87 కిలోమీటర్ల పొడవుంటుంది. మొదటి పదిహేడు మైళ్లలో దాని వాలు మైలుకు ఆరంగుళాలే. లెవెలింగు యంత్రంతో కాలువలకు గట్లు వేయించిన నాకు ఆ లెక్క ముందు నోట మాట రాలేదు. పైగా కట్ట ఒక వైపే ఉంటుంది; రెండో వైపు మెరక నుంచి జారే వాననీరు కూడా కాలువలోనే పడుతుంది. సిగిరియా కింది తోటల్లోని ఫౌంటెన్లు మంచి వానలు పడినప్పుడు ఇప్పటికీ చిమ్ముతాయి.

పొలొన్నరువలో గల్ విహారపు బుద్ధుణ్ణి, చోళుల నాటి శివాలయాన్ని ఉదయమే చూసి, సాయంత్రం పరాక్రమ సముద్రం కట్ట మీదికి వెళ్లండి. కురిసిన వానలో ఒక్క చుక్క కూడా మనిషికి ఉపయోగపడకుండా సముద్రంలో కలవకూడదన్న పరాక్రమబాహు మహారాజు (పాలన 1153–1186) కట్టించిన చెరువది. కట్ట పొడవు సుమారు 14 కిలోమీటర్లు. మేము వెళ్లిన వేళకు ఒక ముసలాయన సైకిలు హ్యాండిలుకు తామరపూల కట్ట వేలాడదీసుకుని వస్తున్నాడు. తూము దగ్గర ఉడుమంత పొడవు జంతువొకటి రాళ్ల మీద ఎండ కాగుతోంది. కట్ట దిగువన చిన్న కొట్టులో మట్టి మూకుడులో గేదె పెరుగు పెట్టి, పైన కితుల్ పాకం పోసి ఇచ్చారు. కితుల్ అంటే మన మన్యంలోని జీలుగు చెట్టే. మేముంటున్న టి.నగర్‌లో కొంత భాగం 1920లలో పూడ్చిన మాంబళం చెరువు మీదే లేచింది కనుక, ఆ కట్ట మీద నిలబడి మా అబ్బాయి, నేను కాసేపు మాట్లాడుకోలేదు.

క్యాండీ, గాలె కోట, సింహరాజ అడవి గురించి మీరు బాగానే రాశారు. ఒక్కటి చేర్చవచ్చు: 1739 నుంచి 1815 దాకా క్యాండీని ఏలినవారు మదుర వైపు నుంచి వెళ్లిన నాయక వంశీకులు. వారిలో చివరివాడైన శ్రీవిక్రమ రాజసింహుణ్ణి ఆంగ్లేయులు వేలూరు కోటలో బంధించారు. 1832లో అక్కడే కన్నుమూశాడు. ఆయన సమాధి పాలారు ఒడ్డున, చెన్నై నుంచి ఒక పూట ప్రయాణంలో ఉంది.

ఆగస్టులో వెళ్లేవారికి ఒక హెచ్చరిక. మొరగహకంద జలాశయం వచ్చిన తరువాత అక్కడి నీటిని ఎండాకాలంలో మిన్నేరియాకు వదలడంతో, పచ్చిక మొలవవలసిన నేల మునిగిపోతోందని అక్కడి వన్యప్రాణి ప్రేమికులు ఆందోళన చెందుతున్నారు. అలాంటప్పుడు ఏనుగులు పక్కనే ఉన్న కవుడుల్ల చెరువుకో, హురులు అడవికో వెళతాయి. కనుక దగ్గరి ఊరైన హబరణలో జీపు మాట్లాడుకునే ముందు మిన్నేరియాలో నీటిమట్టం ఎంతుందో అడగాలి. మాకు జీపు నడిపిన కుర్రవాడు టిక్కెట్లు కొనకముందే ఫోనులో కనుక్కుని, బండిని కవుడుల్ల వైపు తిప్పాడు.

ఇట్లు,
నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి,
టి.నగర్, చెన్నై